ఆపరేషన్ తర్వాత పదో రోజు: గుండె శస్త్రచికిత్స విభాగాల అధిపతులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గుండె శస్త్రచికిత్స విభాగాల అధిపతులకు, ఆసుపత్రుల నిర్వాహకులకు,

నమస్కారం.

గుండె ఆపరేషన్ అయిన మనిషి సాఫీగా కోలుకుంటుంటే 5 నుంచి 7 రోజుల్లో ఇంటికి పంపిస్తున్నాం. మళ్లీ రమ్మనేది చాలాచోట్ల నాలుగు వారాలకో ఆరు వారాలకో. గుండె చుట్టూ చేరే నీరు ఎక్కువ మందిలో గరిష్ఠానికి వచ్చేది మాత్రం ఆపరేషన్ తర్వాత 10వ రోజు ప్రాంతంలో. ఆ సమయానికి రోగి ఇంట్లో ఉంటాడు. ఆయాసం వస్తే ఆపరేషన్ వల్ల వచ్చిన నీరసమేనని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. దగ్గర్లోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నీరు పోయే మాత్ర రాసిస్తారు. టాంపొనేడ్ (చేరిన నీరు గుండెను నొక్కేయడం) ముదరడానికి ఇంతకంటే అనువైన దారి లేదు. ఈ లేఖ ఆ ఖాళీ గురించే. దాన్ని పూడ్చడం మీ చేతుల్లో ఉంది, అందుకు కొత్త యంత్రాలు కూడా అక్కర్లేదు.

గుండెను చుట్టి ఉండే పెరికార్డియం అనే రెండు పొరల సంచిలో మామూలుగానే 15 నుంచి 50 మి.లీ. ద్రవం ఉంటుంది. ఆపరేషన్ తర్వాత ఎకో (ధ్వని తరంగాలతో గుండెను చూసే స్కాన్) తీస్తే సగానికి పైగా రోగుల్లో అంతకంటే ఎక్కువే కనిపిస్తుంది. అందులో చాలావరకు కొద్ది వారాల్లో దానంతట అదే ఇంకిపోతుంది. గుండెను నొక్కి ప్రాణం మీదకు తెచ్చే టాంపొనేడ్ నూటికి ఒకరిద్దరిలో వస్తుంది. ఆపరేషన్ రకాన్ని బట్టి, రక్తం పలచబరిచే మందుల వాడకాన్ని బట్టి కొన్ని గుంపుల్లో ఇంకా ఎక్కువ. చాలామందికి నీరు చేరుతుంది, ప్రమాదం మాత్రం కొందరికే. ఇబ్బందంతా ఇక్కడే ఉంది. ఎకోలో కనిపించిన ప్రతి నీటికీ కంగారు పడితే అనవసర మందులు, అనవసర సూదులు. అందరికీ వచ్చేదేలే అనుకుంటే ఆ ఒకరిద్దరు చేజారిపోతారు.

సంచి బయటి పొర గట్టి నారతో అల్లుకున్నది, ఉన్నపళంగా సాగదు. గంటల వ్యవధిలో 150, 200 మి.లీ. రక్తం చేరినా గుండె నిండడం కష్టమవుతుంది. అదే వారాల తరబడి మెల్లగా ఊరితే లీటరు చేరినా మనిషి నడుచుకుంటూ ఓపీకి వస్తాడు. సంచిలో ఒత్తిడి పెరిగేకొద్దీ ముందుగా లొంగిపోయేవి లోపలి పీడనం తక్కువగా ఉండే కుడి కర్ణిక, కుడి జఠరిక. రక్తం లోపలికి రాలేదు కాబట్టి బయటికి పంపేదీ తగ్గుతుంది. గుండె వేగం పెంచి శరీరం కొంతసేపు నెట్టుకొస్తుంది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ వేసుకునే రోగిలో ఆ వేగం కూడా కనిపించదు. అందుకే రిపోర్టులో ఎన్ని మిల్లీమీటర్లు అన్న అంకె ఒక్కటే సరిపోదు. క్రితం ఎకోకీ ఈ ఎకోకీ మధ్య ఎన్ని రోజుల్లో ఎంత పెరిగిందో తెలియాలి. ఇంటికి పంపేముందు తీసిన ఎకో లేకపోతే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

మొదటి రెండు రోజుల సంగతి వేరు. అప్పుడు సంచిలో చేరేది రక్తం, గడ్డలు. డ్రెయిన్ ట్యూబులోంచి గంటగంటకూ వస్తున్న రక్తం ఉన్నట్టుండి ఆగిపోతే రక్తస్రావం తగ్గిందని చార్టులో రాసేసే అలవాటు ఇంకా పోలేదు. రక్తం ఆగిందా, ట్యూబు మూసుకుపోయిందా? ఈ ప్రశ్నకు జవాబు ట్యూబు దగ్గర దొరకదు, మానిటర్ దగ్గర దొరుకుతుంది. డ్రెయిన్ తగ్గిన గంటలోనే సీవీపీ (గుండెకు చేరే సిరల్లోని ఒత్తిడి) పైకి, బీపీ కిందికి వెళ్తున్నా, మందుల పంపు వేగం పెంచాల్సి వస్తున్నా, మూత్రం తగ్గి రక్తంలో లాక్టేట్ (కణాలకు రక్తం చాలడం లేదని చెప్పే ఆమ్లం) ఎక్కుతున్నా లోపల గడ్డ కట్టిందనే అనుకుని కదలాలి. ట్యూబును వేళ్లతో పిండుతూ లాగడం వల్ల లోపల ఒక్కసారిగా విపరీతమైన చూషణ పుడుతుంది, లాభం మాత్రం రుజువు కాలేదు. ట్యూబు విప్పి శుభ్రం చేయడం ఇన్ఫెక్షన్‌కు తలుపు తీయడమే. 2019లో వచ్చిన కార్డియాక్ ఈఆర్ఏఎస్ (గుండె ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకునే పద్ధతుల) మార్గదర్శకాలు ఈ రెండూ వద్దని, క్రిమిరహిత వ్యవస్థ విప్పకుండానే ట్యూబు తెరిచి ఉండేలా చూడమని స్పష్టంగా చెప్పాయి.

ఐసీయూలో గుండె ఆగిపోతే ఛాతీ మీద నొక్కడం వల్ల టాంపొనేడ్‌లో పెద్దగా ఫలితం ఉండదు. నిండని గుండెను ఎంత నొక్కినా ఏం వస్తుంది? ఆపరేషన్ తర్వాతి మొదటి 10 రోజుల్లో ఇలా జరిగితే షాకులకో పేసింగ్‌కో స్పందించని రోగికి 5 నిమిషాల్లో ఛాతీ తెరవాలి. ఇది ఇప్పుడు అందరూ ఒప్పుకున్న పద్ధతి. దానికి కావాల్సిన చిన్న కిట్, అంటే స్కాల్పెల్, తీగలు కోసే కట్టరు, బలమైన నీడిల్ హోల్డరు, ఒకే ముక్కగా ఉండే స్టెర్నల్ రిట్రాక్టరు మంచానికి అందుబాటులో ఉండాలి. ఆపరేషన్ థియేటర్ నుంచి పెద్ద ట్రే వచ్చేదాకా ఆగే వ్యవధి అప్పుడు ఉండదు. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు ఆ కిట్ ఎక్కడుందో తెలుసా, చివరిసారి ఎప్పుడు సాధన చేశారో మీరే వెళ్లి అడగండి.

ఇక పేసింగ్ వైర్లు, అంటే గుండె లయ నిలపడానికి తాత్కాలికంగా పెట్టే తీగలు. మూడో రోజు, నాలుగో రోజు చేసే చిన్న పని కాబట్టి దాన్ని చిన్నగానే చూస్తున్నాం. గుండె కండరానికి కుట్టిన ఆ సన్నని తీగను లాగినప్పుడు కండరమో, పక్కనున్న బైపాస్ గ్రాఫ్టో చిరిగే అవకాశం కొద్దిగానైనా ఉంది. వైర్లు తీసేముందు ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే అంకె), ప్లేట్‌లెట్లు చూడాలి. రక్తం పలచబరిచే హెపారిన్ ఎప్పుడు ఇచ్చారో చూడాలి. తీశాక రోగి మంచం మీదే ఉండాలి, మొదటి గంటలో తరచుగా బీపీ, నాడి రాయాలి. పొద్దున వైర్లు తీసి మధ్యాహ్నం డిశ్చార్జి చేయడం మానేయండి. మంచాలు ఖాళీ కావాలన్న ఒత్తిడి మాకు తెలియంది కాదు, అయినా ఈ ఒక్క విషయంలో ఒక రోజు ఆగడం న్యాయం.

మొదటి వారం దాటాక వచ్చే నీటికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి పోస్ట్ పెరికార్డియోటమీ సిండ్రోమ్. గుండె పొర తెగినప్పుడు, అందులో రక్తం చేరినప్పుడు శరీరపు రోగనిరోధక వ్యవస్థ ఆ పొర మీదకే తిరగబడుతుంది. వేరే కారణం దొరకని జ్వరం, ఊపిరి పీల్చినప్పుడు పొడిచే ఛాతీ నొప్పి, స్టెతస్కోపులో గరగరమనే రాపిడి శబ్దం, గుండె చుట్టూ నీరు, సీఆర్పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) పెరుగుదలతో పాటు ఊపిరితిత్తుల పొరలో నీరు. ఈ ఐదింటిలో రెండు ఉంటే ఆ పేరు పెట్టవచ్చు. కుట్ల నొప్పి అని కొట్టిపారేసే నొప్పుల్లో ఇది దాక్కుంటుంది. ముందుకు వంగి కూర్చుంటే తగ్గి, వెల్లకిలా పడుకుంటే పెరిగే నొప్పి కుట్లది కాదు.

రెండో దారి ఎక్కువ ప్రమాదకరమైనది. వార్ఫరిన్. లోహపు కవాటం పెట్టిన రోగికి రక్తం పలచబరిచే ఈ మందు తప్పదు. బృహద్ధమని కవాటానికి, వేరే ప్రమాద కారణాలు లేకపోతే, ఐఎన్ఆర్ 2.5 దగ్గర, మైట్రల్ కవాటానికి 3 దగ్గర ఉంచుతాం. ఆపరేషన్ తర్వాత కర్ణికలు అదిరిపోయే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ చాలామందికి వస్తుంది, దానికి గుండె లయను సరిచేసే అమియోడరోన్ మొదలుపెడతారు. అమియోడరోన్ వార్ఫరిన్ బలాన్ని పెంచుతుంది. వార్ఫరిన్ మోతాదును మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించాల్సి రావచ్చు. ఈ ప్రభావం ఒక్కరోజులో రాదు, వారాల మీద పేరుకుంటూ పోతుంది. అంటే డిశ్చార్జి రోజున 2.4 ఉన్న ఐఎన్ఆర్ అదే మాత్ర, అదే మోతాదు మీద పది రోజులకు 5 దాటవచ్చు. దానికితోడు ఆకలి లేక తిండి తగ్గుతుంది, ఛాతీ గాయానికి యాంటీబయాటిక్ పడుతుంది, అవి కూడా ఐఎన్ఆర్‌ను పైకే తోస్తాయి. ఇలా రక్తం మరీ పలచబడినప్పుడు, ఇంకా మానని గుండె పొరలోంచి సన్నగా ఊరే రక్తం ఆగదు. వార్ఫరిన్ మీద కొత్తగా ఇంటికి వెళ్లిన రోగికి మొదటి రెండు వారాలు రెండు మూడు రోజులకోసారి ఐఎన్ఆర్ చూడాల్సిందే. 'వారం తర్వాత చూపించుకోండి' అని రాసిన కాగితం ఇక్కడ చాలదు. ఏ తేదీన, ఎక్కడ, ఫలితం ఎవరికి చెప్పాలి అన్నది అందులో ఉండాలి.

ఇలాంటి రోగి ఎమర్జెన్సీకి వచ్చినప్పుడు ఎలా కనిపిస్తాడు? బీపీ పడిపోవడం, మెడ నరాలు ఉబ్బడం, గుండె చప్పుడు మందగించడం అని 1935లో క్లాడ్ బెక్ చెప్పిన మూడు లక్షణాలు పాఠాల్లో ఉంటాయి, గుండె ఆపరేషన్ తర్వాత వచ్చే టాంపొనేడ్‌లో ఆ మూడూ కలిసి కనిపించడం అరుదు. కనిపించేవి ఇవి: రెండు రోజులుగా తిండి సహించడం లేదు, వికారం, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, నిన్నటిదాకా వరండా చివరిదాకా నడిచిన మనిషి ఇవాళ బాత్రూముకు వెళ్లి రాలేకపోతున్నాడు, మూత్రం తగ్గింది. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, కాలేయం ఎంజైములు పెరిగాయి. దీన్ని చూసి కిడ్నీ సమస్య అనుకునేవారున్నారు, మందు పడలేదనుకునేవారున్నారు, అన్నిటికంటే ఎక్కువగా హార్ట్ ఫెయిల్యూర్ అనుకుని నీరు పోయే మందు ఫ్యూరోసమైడ్ ఎక్కించేవారున్నారు. నొక్కుకుపోయిన గుండె నిండేది సిరల్లోంచి వచ్చే రక్తపు ఒత్తిడితోనే. ఫ్యూరోసమైడ్ ఆ ఒత్తిడిని తీసేస్తుంది. రక్తనాళాలను సడలించే నైట్రేట్లూ అంతే. ఒక ఇంజెక్షన్‌తో బీపీ కుప్పకూలడానికి కారణం ఇదే.

అందుకే ఎమర్జెన్సీ విభాగాలకు ఒక్క నియమం చాలు: గుండె ఆపరేషన్ అయి రెండు నెలలు దాటని మనిషి ఆయాసంతోనో, తక్కువ బీపీతోనో, కారణం తెలియని నీరసంతోనో వస్తే ఎకో ప్రోబు పెట్టేదాకా నీరు పోయే ఇంజెక్షన్ ఇవ్వకూడదు. ఈసీజీలో అలలు చిన్నవైపోవడం, ఎక్స్‌రేలో గుండె నీడ పెద్దదవడం సాయపడతాయి, అవి మామూలుగా ఉన్నంత మాత్రాన నీరు లేదనలేం. ఎక్స్‌రేలో నీడ పెరగాలంటే కనీసం 200 మి.లీ. దాకా చేరాలి.

ఎకో దొరకడానికి పది నిమిషాలు పట్టేచోట మామూలు బీపీ పట్టీతోనే ఒక పరీక్ష చేయవచ్చు. దాన్ని మన వార్డుల్లో దాదాపు మరిచిపోయారు, కాబట్టి వివరంగా రాస్తున్నాం. రోగిని మామూలుగా ఊపిరి తీసుకోనివ్వండి, గట్టిగా పీల్చమనకండి. పట్టీలో గాలిని పై బీపీ కంటే 20 పాయింట్లు ఎక్కువకు నింపి చాలా మెల్లగా, గుండె దెబ్బకు 2 పాయింట్ల చొప్పున వదలండి. మొదట చప్పుడు ఊపిరి వదిలినప్పుడు మాత్రమే వినిపిస్తుంది, పీల్చినప్పుడు మాయమవుతుంది. ఆ అంకె రాసుకోండి. ఇంకా వదులుతూ పోతే ఒక చోట నుంచి పీల్చినా వదిలినా ప్రతి దెబ్బకూ వినిపిస్తుంది. ఆ అంకె కూడా రాసుకోండి. రెండింటికీ తేడా 10 పాయింట్లు దాటితే గుండె నొక్కుకుపోతోందని అనుమానించాలి. ఆటోమేటిక్ మిషన్‌తో ఇది తెలియదు, చేత్తో నొక్కే పట్టీ, స్టెతస్కోపు కావాలి. నాడి క్రమం తప్పిన రోగిలో ఈ లెక్క నమ్మదగ్గది కాదు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో అసలే పనికిరాదు. గడ్డ ఒక మూలనే ఉన్నప్పుడు తేడా కనిపించకపోవచ్చు. తేడా ఉంటే అడుగు ముందుకేయండి, లేదని వెనక్కి తగ్గకండి.

ఎకో గురించి టెక్నీషియన్లకు, చదివే డాక్టర్లకు కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పొరపాటు ఎక్కువగా జరిగేది అక్కడ. సాధారణ రోగిలో నీరు గుండె చుట్టూ సమానంగా పరుచుకుంటుంది. ఆపరేషన్ అయిన రోగిలో పొరలు అతుక్కుపోయి నీరు ఒక అరలో చిక్కుకుంటుంది, ఎక్కువగా వెనకవైపున. కుడి కర్ణిక పక్కన చిన్న గడ్డ ఒక్కటే ఉండి మనిషిని చంపగలదు. ఛాతీ మీద కట్లు, లోపల గాలి, వాపు వల్ల ఎకో కిటికీలు (ప్రోబు పెట్టి గుండెను చూసే చోట్లు) సరిగ్గా దొరకవు, గడ్డకట్టిన రక్తం కండరంలాగే కనిపిస్తుంది. రొమ్ము ఎముక కింది నుంచి చూసే సబ్‌కాస్టల్ కిటికీ తప్పనిసరిగా తీయండి. అది దొరకలేదంటే దొరకలేదని రిపోర్టులో రాయండి, 'నీరు లేదు' అని రాయకండి. లక్షణాలు గట్టిగా ఉండి ఛాతీ మీది ఎకోలో ఏమీ లేకపోతే ఆహారనాళం ద్వారా చేసే టీఈఈ ఎకో గానీ, మనిషి నిలకడగా ఉంటే సీటీ గానీ చేయాలి.

రిపోర్టులో డయాస్టోల్ (గుండె సడలి నిండే దశ) చివర కొలిచిన నీటి మందం ఉండాలి: 10 మి.మీ. లోపు తక్కువ, 10 నుంచి 20 మధ్యస్థం, 20 దాటితే ఎక్కువ. ఎక్కడ ఉందో ఉండాలి. కుడి కర్ణిక, కుడి జఠరిక లోపలికి కుంగుతున్నాయా, ఊపిరితో మైట్రల్ ప్రవాహం ఎంత మారుతోంది, కింది మహాసిర 21 మి.మీ. దాటి ఉబ్బి ఊపిరితో సగం కూడా ముడుచుకోకుండా ఉందా అన్నవి ఉండాలి. మరో మాట. ఊపిరితిత్తుల రక్తపోటు వల్ల కుడి జఠరిక గోడ మందమైన రోగుల్లో ఆ గోడ కుంగదు. కుంగలేదు కాబట్టి టాంపొనేడ్ లేదని తేల్చేయడం మైట్రల్ రోగుల్లో ముఖ్యంగా తప్పు.

మందుల విషయంలో రుజువులు మనం చేస్తున్నదానికి అడ్డంగా ఉన్నాయి. లక్షణాలేమీ లేకుండా ఎకోలో నీరు మాత్రమే ఉన్న రోగికి నొప్పి, వాపు తగ్గించే డైక్లోఫెనాక్ ఇస్తే లాభం లేదని 2010లో పోప్ ట్రయల్ చూపింది. అదే పరిస్థితిలో వాపు తగ్గించే కోల్చిసిన్ కూడా నీటిని తగ్గించలేదని 2015లో పోప్-2 చెప్పింది. అయినా డిశ్చార్జి కాగితాల్లో ఈ మందులు అలవాటుగా వచ్చేస్తున్నాయి. పైగా బైపాస్ అయిన రోగికి ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి గుండెపోటు, పక్షవాతం ప్రమాదాన్ని పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. లక్షణాలు లేని నీటికి కావాల్సింది గమనిక, మళ్లీ ఎకో. అంతే.

జ్వరం, నొప్పి, సీఆర్పీ పెరుగుదల ఉన్న అసలైన సిండ్రోమ్ వేరు. దానికి ఆస్పిరిన్ 750 నుంచి 1000 మి.గ్రా. ఎనిమిది గంటలకోసారి, దానితోపాటు కోల్చిసిన్ 0.5 మి.గ్రా. 70 కిలోలు, ఆపైన ఉంటే రోజుకు రెండుసార్లు, తక్కువుంటే ఒకసారి. వార్ఫరిన్ మీద ఉన్నవారికి అంత ఆస్పిరిన్ ఇవ్వడం రక్తస్రావాన్ని కొని తెచ్చుకోవడమే కాబట్టి వాళ్లకు కోల్చిసిన్, అవసరమైతే తక్కువ మోతాదు స్టెరాయిడ్ గురించి ఆలోచించాలి. ముందుజాగ్రత్తగా ఇచ్చే కోల్చిసిన్‌కు కొంత బలమైన ఆధారమే ఉంది. 2010లో 360 మందిపై జరిగిన కాప్స్ ట్రయల్‌లో మూడో రోజు నుంచి నెలపాటు ఇస్తే సిండ్రోమ్ 21.1 శాతం నుంచి 8.9 శాతానికి తగ్గింది. 2014లో కాప్స్-2 ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టి చూస్తే 29.4 నుంచి 19.4కు తగ్గింది గానీ విరేచనాలు, వాంతులు పెరిగాయి. విరేచనాలతో ఒళ్లు ఎండిపోయిన రోగి ఐఎన్ఆర్ ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి మోతాదు తగ్గించాలి. క్లారిత్రోమైసిన్, వెరాపమిల్, డిల్టియాజెమ్ తో కలిస్తే కోల్చిసిన్ విషంగా మారగలదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌తో కండరాల నొప్పులు వస్తే పట్టించుకోవాలి.

నీరు తీయాల్సి వస్తే మొదటి ప్రశ్న: సూదితోనా, కత్తితోనా? ముందు వైపున, ఒకే అరగా, కనీసం 10 మి.మీ. దాటి, సూది దారిలో అడ్డం లేకుండా ఉంటే ఎకో చూస్తూ సూదితో తీయవచ్చు. రొమ్ము ఎముక కింది నుంచే వెళ్లాలన్న పట్టుదల వద్దు. నీరు చర్మానికి ఎక్కడ దగ్గరగా, ఎక్కడ లోతుగా ఉంటే అక్కడి నుంచి. తీగ మీదుగా 6 నుంచి 8 ఫ్రెంచ్ సైజు పిగ్‌టెయిల్ గొట్టం పెట్టి, 24 గంటల్లో వచ్చేది 25, 30 మి.లీ. లోపుకు తగ్గేదాకా ఉంచాలి. నీరు ఎక్కువగా ఉంటే ఒక్కసారిగా మొత్తం లాగేయకండి, మొదటి దఫా లీటరు లోపే ఆపండి. గుండె హఠాత్తుగా విచ్చుకుని జఠరికలు నీరుగారిపోయిన సందర్భాలున్నాయి. గడ్డలుంటే, వెనకవైపు ఉంటే, సూది దారిలో గ్రాఫ్టు ఉంటే థియేటర్‌కే తీసుకెళ్లాలి. అక్కడ కూడా తొందరపడి మత్తు ఇస్తే కొంప మునుగుతుంది. మత్తుతో రక్తనాళాలు సడలి, వెంటిలేటర్ గాలి ఒత్తిడికి సిరల రక్తం ఆగి, కోత పెట్టకముందే గుండె ఆగిపోవచ్చు. ఛాతీ శుభ్రం చేసి, గుడ్డలు పరిచి, సర్జన్ చేతిలో కత్తి పట్టుకున్నాకే మత్తు మొదలవ్వాలి. తీసిన ద్రవాన్ని కల్చర్‌కు, హెమటోక్రిట్ (ఎర్రకణాల శాతం) పరీక్షకు పంపండి. పాలలా తెల్లగా ఉంటే ట్రైగ్లిజరైడ్లు చూడండి.

వార్ఫరిన్ వాడే రోగిలో నీరు తీశాక ఆ మందు మళ్లీ ఎప్పుడు? ఈ నిర్ణయం ఎవరిదో తెలియక రోగులు నలిగిపోతున్నారు. మరీ తొందరపడితే మళ్లీ రక్తం చేరుతుంది, ఆలస్యమైతే లోహపు కవాటం మీద గడ్డ కడుతుంది. డ్రెయిన్ తగ్గాక ముందుగా మామూలు హెపారిన్ సన్నగా ఎక్కించి చూడటం మేలు. దాని ప్రభావం గంటన్నర లోపే సగానికి పడిపోతుంది, తేడా వస్తే వెంటనే ఆపవచ్చు. దాని తర్వాతే వార్ఫరిన్. ఆపినవాళ్ల పేరు, మళ్లీ మొదలుపెట్టే తేదీ కేసు షీటులో రాసి ఉండాలి.

థియేటర్‌లోనే చేయగలిగింది ఒకటుంది, కొద్దిమందే చేస్తున్నారు. ఎడమ ఫ్రెనిక్ నరానికి (డయాఫ్రమ్‌ను కదిలించే నరం) వెనకగా పెరికార్డియంలో 4 నుంచి 5 సెం.మీ. నిలువు కోత పెడితే వెనక చేరే రక్తం ఎడమ ఊపిరితిత్తి పొరలోకి జారిపోతుంది, అక్కడి నుంచి తీయడం తేలిక. 2021లో వెలువడిన పాలాక్స్ ట్రయల్‌లో 420 మందిని చూస్తే ఈ కోతతో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ 32 శాతం నుంచి 17కు, గుండె చుట్టూ నీరు 21 శాతం నుంచి 12కు తగ్గాయి. ఫిబ్రిలేషన్ తగ్గితే అమియోడరోన్ తగ్గుతుంది, వార్ఫరిన్ గందరగోళమూ తగ్గుతుంది. కొన్ని నిమిషాల పని. అనువైన రోగులందరికీ ఎందుకు చేయడం లేదో ప్రతి విభాగమూ ఒక్కసారి కూర్చుని చర్చించాలి.

పిల్లల విషయంలో ఒక్క మాట. కర్ణికల మధ్య రంధ్రం మూసే చిన్న ఆపరేషన్ తర్వాత కూడా ఈ సిండ్రోమ్ వస్తుంది, నిజానికి అక్కడ బాగానే వస్తుంది. పసిపిల్లలు ఆయాసమని చెప్పలేరు. పాలు తాగరు, చిరాకు పడతారు, వాంతులు చేసుకుంటారు. ఆపరేషన్ అయిన రెండు మూడు వారాలకు వాంతులతో వచ్చిన బిడ్డకు కడుపు మందు రాసి పంపేముందు ఎకో చేయమని మీ పిల్లల విభాగానికి, మీరు పంపే డాక్టర్లకు చెప్పండి.

ఇప్పుడు మేము అడుగుతున్నది. ప్రతి రోగికీ డిశ్చార్జికి ముందు ఒక ఎకో, అందులో మందం, స్థానం. ఆ ఎకోలో 10 మి.మీ. దాటినవారికి, రక్తం పలచబరిచే మందు మీద వెళ్తున్నవారికి, కవాటాలు, బృహద్ధమని ఆపరేషన్ అయినవారికి 10వ రోజుకు అటూఇటూగా రెండో ఎకో. మిగతావారందరికీ పదో రోజు ఎకో అడగడం లేదు, అలా చేస్తే అవసరం లేని నీటికి మందులు మొదలవుతాయి. వాళ్లకు ఒక నర్సు ఫోన్ చాలు. ఎలా ఉన్నారని అడిగితే బాగున్నామనే అంటారు. మొన్నటికంటే ఇవాళ తక్కువ దూరం నడుస్తున్నారా, పడుకుంటే ఊపిరాడటం లేదా, తిండి తగ్గిందా, మూత్రం తగ్గిందా అని విడివిడిగా అడగాలి. ఏ ఒక్కదానికి అవునన్నా అదే రోజు ఎకోకు పిలవాలి.

డిశ్చార్జి కాగితం మీద, మందుల పట్టికకు పైన, పెద్ద అక్షరాల్లో ఇంత రాస్తే చాలు:

'మీకు ఆపరేషన్ అయిన రెండు నెలల దాకా గుండె చుట్టూ నీరు చేరవచ్చు. కొత్తగా ఆయాసం, కళ్లు తిరగడం, తిండి సహించకపోవడం, మూత్రం తగ్గడం, పడుకుంటే ఊపిరాడకపోవడం, జ్వరంతో ఛాతీ నొప్పి ఉంటే రివ్యూ తేదీ దాకా ఆగకండి. ఏ ఆసుపత్రికి వెళ్లినా ఈ కాగితం చూపించి, గుండె ఎకో చేయమని అడగండి. ఎకో చేయకుండా నీరు పోయే ఇంజెక్షన్ వేయించుకోకండి. మమ్మల్ని అడగకుండా నొప్పి మాత్రలు వాడకండి. మీ చివరి ఐఎన్ఆర్ ఇంత. తర్వాతి పరీక్ష ఈ తేదీన.'

దాని కింద ఒక ఫోన్ నంబరు ఉండాలి. రిసెప్షన్‌ది కాదు. రాత్రి రెండు గంటలకు ఎత్తి, ఎకోకు ఆర్డరు వేయగల డ్యూటీ డాక్టరుది. ఆ నంబరు ఎవరిది, వారు సెలవులో ఉంటే ఎవరు ఎత్తుతారు అన్నది మీ సంతకంతో నిర్ణయం కావాలి. వచ్చే నెల డ్యూటీ పట్టిక వేసేటప్పుడు ఆ గడి కూడా నింపమని కోరుతున్నాం.

ఇట్లు,
గుండె ఆపరేషన్ల తర్వాతి సంరక్షణలో పనిచేసే డాక్టర్లు, నర్సులు, ఎకో టెక్నీషియన్లు